42.34 మీటర్ల ఎర్ర గీత: రెండు వాల్వుల రిసీవర్ పని డైరీ

విజయనగరంలో ఒక హైస్కూలు సైన్సు గదికి, మన దేశంలో అమెచ్యూర్ రేడియో (లైసెన్సు తీసుకుని, అభిరుచి కొద్దీ సొంత రేడియో కేంద్రం నడపడం) తొలినాళ్ల గురించి ఒక బల్ల సిద్ధం చేసే పని ఇది. అట్టల మీద ఫోటోలు అంటించి, కింద సంవత్సరాలు రాస్తే పిల్లలు చూసి వెళ్లిపోతారు. అందుకే బల్ల మధ్యలో నిజంగా పనిచేసే రిసీవర్ ఒకటి ఉండాలని నిర్ణయించాం. ఎవరైనా ఇలాంటిది చేయాలనుకుంటే కొలతలు ఇక్కడ ఉన్నాయి. ఎక్కడ డబ్బు వృథా అయిందో కూడా ఉంది.

దశ 1: గురి

1942 ఆగస్టు 27న బొంబాయిలో ఉషా మెహతా, ఆమె మిత్రులు రహస్యంగా కాంగ్రెస్ రేడియో ప్రసారాలు మొదలుపెట్టారు. భారతదేశంలో ఎక్కడో ఒకచోటు నుంచి, 42.34 మీటర్ల మీద మాట్లాడుతున్నామని ప్రతిసారీ ప్రకటించేవారు. స్థావరం మారుస్తూ నడిపిన ఆ కేంద్రాన్ని నవంబరు 12న పోలీసులు పట్టుకున్నారు. ఈ కథ పాఠ్యపుస్తకాల్లో వస్తుంది. 42.34 అనే అంకె దగ్గర ఎవరూ ఆగరు.

ఆ మీటర్లు రేడియో తరంగం పొడవు. కాంతి వేగాన్ని ఆ అంకెతో భాగిస్తే పౌనఃపున్యం సుమారు 7080 కిలోహెర్ట్జ్ వస్తుంది. ఇప్పుడు మన దేశంలో హామ్‌లకు (అమెచ్యూర్లకే ఇంకో పేరు) కేటాయించిన 40 మీటర్ల బ్యాండు 7000 నుంచి 7200 కిలోహెర్ట్జ్ వరకు. అంటే కాంగ్రెస్ రేడియో కూర్చున్నది సరిగ్గా అమెచ్యూర్ల పెరట్లో. 1927 వాషింగ్టన్ సదస్సు 7000 నుంచి 7300 వరకు అమెచ్యూర్లకు ఇచ్చింది, 1929లో అది అమల్లోకి వచ్చింది. ఆ యంత్రాన్ని కూర్చిన నారిమన్ ప్రింటర్ యుద్ధానికి ముందు లైసెన్సు ఉన్న అమెచ్యూరే. ఆ చోటు ఎంచుకోవడానికి అది ఒక కారణమని నా అభిప్రాయం. చేతికి అలవాటైన కాయిల్, చేతికి అలవాటైన కొలత.

కాబట్టి గురి ఇది: 1940 ప్రాంతపు వాల్వులతో (ట్రాన్సిస్టర్లకు ముందు రేడియోల్లో సంకేతాన్ని పెంచిన గాజు బుడ్లు) 40 మీటర్ల రిసీవర్ కట్టాలి. దాని డయల్ మీద మీటర్లలో అంకెలు ఉండాలి. 42.34 దగ్గర ఎర్ర గీత ఉండాలి. ఆ గీత కొలిచి వేసినది కావాలి.

ట్రాన్స్‌మిటర్ ఈ పనిలో లేదు. ప్రసారానికి లైసెన్సు కావాలి, బడి బల్లకు అది రాదు.

దశ 2: వాల్వులు

డీఎఫ్91 ఎంచుకున్నాం. దీనికే 1టీ4 అని ఇంకో పేరు. బ్యాటరీ మీద నడిచే చిన్న వాల్వు, 1940 ప్రాంతంలో వచ్చిన రకం. లోపల వేడెక్కే తీగకు, అంటే ఫిలమెంటుకు, 1.4 వోల్టులు, 50 మిల్లీ ఆంపియర్లు చాలు. సంకేతం బయటికి వచ్చే కొసకు, అంటే ప్లేటుకు, 45 వోల్టులతో పని జరుగుతుంది. పిల్లలు చేతులు పెట్టే బల్ల మీద 250 వోల్టుల వాల్వు సెట్టు ఉంచడానికి నేను ఒప్పుకోను.

1920ల నాటి అసలు ట్రయోడ్‌లు దొరికినా వాటి ధర మన అందుబాటులో లేదు. ఈ విషయం బల్ల మీద రాస్తాం. దాచడం ఎందుకు?

పాత సామాన్ల దుకాణంలో మూడు కొన్నాం. ఒకటి చచ్చినది. కొనేముందు చూడవలసినవి:

1. గాజు లోపల పైభాగాన వెండి రంగు పూత మెరుస్తూ ఉండాలి. అది పాలలా తెల్లబడి ఉంటే లోపలికి గాలి చేరిందని అర్థం. దాన్ని తీసుకోకండి.
2. పిన్ 1, పిన్ 7 మధ్య మీటరుతో ఫిలమెంటు చూడాలి. చల్లగా ఉన్నప్పుడు మా వాటికి సుమారు 8 ఓములు వచ్చింది. వెలిగాక లెక్క ప్రకారం 28 ఓములు. మీటరు అసలు కదలకపోతే ఫిలమెంటు తెగినట్టే.
3. పిన్నులు నల్లబడి ఉంటే సన్నని ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దాలి. గట్టిగా వంచితే గాజు పగులుతుంది.

మా చచ్చిన వాల్వు రెండో పరీక్ష నెగ్గింది, మొదటిది ఓడింది. ప్యాకెట్టు విప్పి చూపించడానికి దుకాణంవారు ఒప్పుకోలేదు. ఫిలమెంటు బాగుంటే చాలదని అలా తేలింది.

సాకెట్ల విషయంలో మా పాత రేడియో మెకానిక్ బాబాయి మాట వినవలసినది. "వాల్వుని నమ్ము బాబూ, సాకెట్టుని నమ్మకు" అన్నారాయన. సముద్రపు గాలికి సాకెట్టు లోపలి రేకులు ఆకుపచ్చగా చిలుము పడతాయి. సూదితో గీకి, ఒక్కో రేకునూ కొద్దిగా దగ్గరకు నొక్కాకే బిగించాం.

వాల్వులు మూడు 900, సాకెట్లు రెండు 140. ఇంతవరకు మొత్తం: 1040 రూపాయలు.

దశ 3: చెక్క

దీని గురించి ఎక్కువ రాస్తున్నాను. ఎందుకంటే ఇక్కడ రోజులు పోయాయి, పాత పుస్తకాల్లో ఈ ముక్క ఒక్క వాక్యంలో తేలిపోతుంది.

తొలి తరం సెట్టులు చాలావరకు చెక్క పలక మీదే కట్టేవారు. మేమూ కోత మిల్లు నుంచి 80 రూపాయల పలక తెచ్చి సాకెట్లు బిగించాం. రిసీవర్ పగలు ఒకలా, వాన పడ్డాక ఇంకోలా ప్రవర్తించింది. వాల్వులు మార్చి చూసినా అదే తీరు. చివరకు పలకలో సెంటీమీటరు దూరంలో రెండు మేకులు కొట్టి, వాటి మధ్య నిరోధం కొలిచాం: 3 మెగాఓములు. డిటెక్టర్ వాల్వు (సంకేతంలోంచి మాటను విడదీసే మొదటి వాల్వు) గ్రిడ్డుకు, అంటే సంకేతం లోపలికి వెళ్లే కొసకు, మేం పెట్టిన నిరోధం 2.2 మెగాఓములు. అంటే పచ్చి చెక్క తానే ఇంకో నిరోధమై గ్రిడ్డు పక్కన కూర్చుంది. వాన వచ్చినప్పుడల్లా దాని విలువ మారుతోంది.

మార్చినవి:

1. బొబ్బిలి వీణలు పనస కర్రతో చేస్తారు. వీణ పనిలో మిగిలిన, ఏళ్ల తరబడి ఎండిన ముక్క ఒకటి 150 రూపాయలకు దొరికింది. అదే రెండు మేకుల పరీక్షలో మీటరు 20 మెగాఓముల హద్దు దాటిపోయింది.
2. అయినా గ్రిడ్డు తగిలే చోట్లన్నీ చెక్క మీద పెట్టకుండా చిన్న యాక్రిలిక్ ముక్క మీద పెట్టాం.
3. ముందు పలకకు నూనె డబ్బా రేకు కత్తిరించి బిగించి, దాన్ని ఎర్తుకు కలిపాం. లేకపోతే ట్యూనింగు నాబ్ దగ్గరకు చెయ్యి తెస్తేనే రిసీవర్లో వినిపించే ఈల స్వరం మారిపోతుంది. నూనె డబ్బా రేకుకు టంకం సులువుగా పడుతుంది. అల్యూమినియం పలకకు పడదు.

1920ల సెట్టుల ఫోటోల్లో ముందు పలక నల్లగా ఎందుకు మెరుస్తుందో ఇప్పుడు తెలిసింది. అది ఎబోనైట్, విద్యుత్తు పారని గట్టి రబ్బరు. అందం కోసం పెట్టింది కాదు. కలకత్తాలో 1921లో 2జేకే అనే పిలుపు గుర్తుతో మన దేశపు తొలి అమెచ్యూర్‌గా నిలిచిన అమరేంద్ర చంద్ర గుప్తా, అదే ఏడాది 2హెచ్‌క్యూ గుర్తుతో ఆయనకు జతైన ముకుల్ బోస్, ఇద్దరూ ఆ తేమ ఊరిలోనే పని నడిపారు. వాళ్లిద్దరితోనే దేశంలో అమెచ్యూర్ల మధ్య రెండు వైపుల సంభాషణ మొదలైంది. మన తీరపు వానాకాలంలో సెట్టు కట్టినవారికి ఆ సంగతి బరువు తెలుస్తుంది.

చెక్క 80, పనస ముక్క 150, యాక్రిలిక్ 20. ఇంతవరకు మొత్తం: 1290 రూపాయలు.

దశ 4: కాయిల్

మొదటి కాయిల్‌ను గట్టి కాగితపు గొట్టం మీద చుట్టాం. పాత పద్ధతి కదా అని. డిటెక్టర్‌ను డోలనం చేయించి (తానే సంకేతం పుట్టించేలా చేసి), ఆ సంకేతాన్ని పక్కన డిజిటల్ అంకెల షార్ట్‌వేవ్ రేడియోలో పట్టి పౌనఃపున్యం రాసుకున్నాం. పొడి ఉదయానికీ వాన సాయంత్రానికీ 30 కిలోహెర్ట్జ్ తేడా. బ్యాండు మొత్తమే 200.

కాగితాన్ని కరిగించిన కొవ్వొత్తి మైనంలో ముంచాం. తేడా 12కు దిగింది. అప్పటివారు చేసిన పని అదే, కొంతవరకు పనిచేస్తుంది కూడా. మాకు చాలలేదు. చివరకు నీళ్ల గొట్టాల దుకాణంలో దొరికే 32 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం ముక్కకు మారాం. తేమ వల్ల వచ్చే తేడా పోయింది.

చివరి కాయిల్ ఇలా:

1. గొట్టం బయటి వ్యాసం 32 మిల్లీమీటర్లు.
2. 22 గేజి ఎనామెల్ రాగి తీగ, పక్కపక్కనే 10 చుట్లు. లెక్క ప్రకారం ఇండక్టెన్సు సుమారు 4.7 మైక్రోహెన్రీలు.
3. 7080 కిలోహెర్ట్జ్‌కు దీనితో కలవాల్సిన మొత్తం కెపాసిటెన్సు సుమారు 107 పికోఫారడ్లు. వాల్వు, సాకెట్టు, తీగల మధ్య ఊరికే వచ్చేది ఇందులో 15 దాకా ఉంటుంది.
4. అదే గొట్టం మీద 3 మిల్లీమీటర్లు వదిలి టిక్లర్ అనే రెండో చుట్ట. దాని పని, చుట్ల లెక్క దశ 5లో.
5. చివరలను గొట్టానికి రంధ్రాలు వేసి కట్టాలి. అంటుకునే టేపు వేసవిలో జారిపోతుంది.

తీగ 130, గొట్టం 40, మైనం 30. ఇంతవరకు మొత్తం: 1490 రూపాయలు.

దశ 5: రీజనరేషన్

వాల్వు ప్లేటు నుంచి వచ్చే సంకేతంలో కొంత భాగాన్ని టిక్లర్ ద్వారా తిరిగి గ్రిడ్డు కాయిల్‌కు అందిస్తే, అదే సంకేతం మళ్లీ మళ్లీ పెరుగుతుంది. అమెరికాలో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1914లో దీనికి పేటెంటు పొందాడు. వాల్వులు ఖరీదైన కాలంలో ఒక్క వాల్వుతో నాలుగు వాల్వుల పని చేయించిన సర్క్యూట్ ఇది. తొలి తరం అమెచ్యూర్ల చేతిలో ఎక్కువగా ఉన్నది కూడా ఇదే.

గ్రిడ్డుకు 100 పికోఫారడ్లు, 2.2 మెగాఓములు. స్క్రీన్ (వాల్వు లోపలి రెండో గ్రిడ్డు) వోల్టేజిని 50 కిలోఓముల వాల్యూమ్ కంట్రోల్‌తో తగ్గించి పెంచుతాం. స్క్రీన్ నుంచి ఎర్తుకు 0.1 మైక్రోఫారడ్. ప్లేటు దారిలో 2.5 మిల్లీహెన్రీల చోక్ (రేడియో సంకేతాన్ని ఆపే చుట్ట), తర్వాత 100 కిలోఓముల నిరోధం. అక్కడి నుంచి 0.01 మైక్రోఫారడ్ ద్వారా రెండో వాల్వు గ్రిడ్డుకు.

వచ్చిన ఇబ్బందులు, వరసగా:

1. అసలు డోలనమే లేదు. టిక్లర్ రెండు కొసలూ తారుమారు చేయగానే మొదలైంది. చుట్టిన దిశను బట్టి రెండింట్లో ఒకటే పనిచేస్తుంది. ఏదో ముందే కనిపెట్టాలని కూర్చోవడం దండగ.
2. టిక్లర్ 6 చుట్లు ఉన్నప్పుడు స్క్రీన్ 24 వోల్టుల దగ్గర టప్పుమని డోలనం మొదలై, వెనక్కి తిప్పితే 17 దగ్గర కానీ ఆగలేదు. సరిగ్గా అంచు మీద నిలబెట్టాల్సిన సర్క్యూట్‌కు ఇది పనికిరాదు. 5 చుట్లకు కొంత తగ్గింది. 4 చుట్లకు మెత్తగా 19 దగ్గర మొదలై 18.5 దగ్గర ఆగింది. 3 చుట్లకు బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడే పనిచేసింది. 4 ఖాయం.
3. కంట్రోల్ తిప్పినప్పుడల్లా చెవిలో గరగర. లోపల శుభ్రం చేసినా పోలేదు. దాని మధ్య కాలికి, స్క్రీన్‌కు మధ్య 47 కిలోఓములు చేర్చి, స్క్రీన్ వైపున ఇంకో 1 మైక్రోఫారడ్ వేశాక పోయింది.

కరెంటు విషయం: 9 వోల్టుల చిన్న బ్యాటరీలు ఐదు వరసగా కలిపితే 45 వోల్టులు. మొత్తం సెట్టు వాటి నుంచి తాగేది 2 మిల్లీ ఆంపియర్ల లోపే. అందులో దాదాపు సగం వాల్యూమ్ కంట్రోల్ గుండా ఊరికే పారేది. కాబట్టి ఫిలమెంటు స్విచ్చుతో పాటు 45 వోల్టుల దారికి కూడా స్విచ్చు ఉండాలి. ఒకే నాబ్‌తో రెండు దారులూ తెగే స్విచ్చు పెట్టండి.

విడిభాగాలు 190, బ్యాటరీలు 150, పెద్ద సెల్లు, దాని గూడు 60. ఇంతవరకు మొత్తం: 1890 రూపాయలు.

దశ 6: చెవికి

2000 ఓముల పాత హెడ్‌ఫోన్లు దొరకవు. 230 వోల్టులను 9కి దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుని, 230 వైపును రెండో వాల్వు ప్లేటుకు, 9 వైపును మామూలు 32 ఓముల హెడ్‌ఫోనుకు కలపండి. చుట్ల నిష్పత్తి 25.6, కాబట్టి వాల్వుకు ఆ హెడ్‌ఫోను సుమారు 21 కిలోఓముల్లా కనిపిస్తుంది. మొదటిసారే పనిచేసింది, రాయడానికి ఇంకేమీ లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ 130. ఇంతవరకు మొత్తం: 2020 రూపాయలు.

దశ 7: ఏరియల్

డాబా మీద 20 మీటర్ల తీగ, ఒక కొస కొబ్బరి చెట్టుకు. మన జిల్లాలో జనుముకు కొదవ లేదు కదా అని జనుము తాడుతో కట్టాం. వానకు తాడు బిగుసుకుంది, ఎండకు వదులైంది. తీగ రోజుకో ఎత్తున వేలాడింది. దాంతో పాటు ట్యూనింగూ మారింది, ఎందుకంటే ఏరియల్ నేరుగా కాయిల్‌కు తగిలి ఉంది. గాలి వీస్తే చెవిలో ఈల కూడా ఊగేది.

మార్పులు:

1. నైలాన్ తాడు.
2. ఏరియల్‌ను కాయిల్‌కు నేరుగా కలపకుండా, రెండు ఇన్సులేటెడ్ తీగ ముక్కలను 3 సెంటీమీటర్ల మేర మెలిపెట్టి ఆ మెలిక ద్వారా కలిపాం. అది సుమారు 2 నుంచి 3 పికోఫారడ్ల కండెన్సర్. శబ్దం కొంచెం తగ్గింది, ఊగడం దాదాపు పోయింది.
3. ఎర్తుకు మీటరున్నర ఇనుప గొట్టం. ఎర్ర నేల ఎండిపోతే ఎర్తు ఉన్నా లేనట్టే. బొగ్గు, ఉప్పు వేసి గుంట పూడ్చి, వారానికి రెండుసార్లు నీళ్లు పోయాలి.

ఎల్‌ఈడీ బల్బుల రొద పెద్ద తలనొప్పి. కరెంటు పోయినప్పుడు వీధి మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమై, అంతవరకు లేని సంకేతాలు పైకి తేలాయి. 1930లలో వినేవారికి ఉన్న నిశ్శబ్దం మనకు డబ్బు పెట్టినా రాదు. బడిలో ఈ సెట్టు పెట్టే గదికి బల్బులు మార్పించాలని ముందే చెప్పాం.

తీగ 260, జనుము తాడు 50, నైలాన్ 90. ఇంతవరకు మొత్తం: 2420 రూపాయలు.

దశ 8: ట్యూనింగు

పాత వాల్వు రేడియో నుంచి తీసిన గ్యాంగ్ కండెన్సర్ (తిప్పితే విలువ మారేది) ఉంది, 20 నుంచి 365 పికోఫారడ్ల వరకు. దాన్ని నేరుగా పెడితే 3.7 నుంచి 11 మెగాహెర్ట్జ్ దాటేదాకా అర చుట్టులో తిరిగిపోతుంది. 40 మీటర్ల బ్యాండు అందులో ఓ వెంట్రుకంత. అందుకని దానికి వరసగా 22 పికోఫారడ్లు పెట్టి, పక్కన స్థిరంగా 68 పికోఫారడ్లు, ట్రిమ్మర్ (సర్దుబాటు చేసే చిన్న కండెన్సర్) ఒకటి చేర్చాం. వ్యాప్తి 340 కిలోహెర్ట్జ్‌కు వచ్చింది. కాగితం మీద అంతా బాగుంది.

డయల్ మీద బాగోలేదు. ఆ వ్యాప్తిలో సగం తొలి 20 డిగ్రీలలోపే అయిపోయింది, మిగిలిన 160 డిగ్రీల్లో మిగతా సగం ఈదులాడింది. చిన్న కండెన్సర్‌ను పెద్ద గ్యాంగ్‌కు వరసగా కలిపితే ఎప్పుడూ ఇదే జరుగుతుంది. గ్యాంగ్ విలువ పెరిగేకొద్దీ మొత్తం మీద దాని మాట చెల్లదు.

చివరకు నిలిచిన పద్ధతి:

1. ట్రాన్సిస్టర్ రేడియోల్లో వాడే పీవీసీ గ్యాంగ్, 60 రూపాయలు. అందులోని ఎఫ్ఎం భాగం మాత్రమే వాడాం. అది 4 నుంచి 20 పికోఫారడ్లు.
2. దానికి వరసగా 33 పికోఫారడ్లు.
3. వ్యాప్తి సుమారు 295 కిలోహెర్ట్జ్. ట్రిమ్మర్‌తో దాన్ని 6960 దగ్గర మొదలయ్యేలా దించాం. డిగ్రీకి సగటున 1.6 కిలోహెర్ట్జ్.
4. పాత రేడియో డయల్ తాడు, చక్రం పెట్టాక నాబ్ ఆరు చుట్లు తిరిగితే డయల్ ఒక చుట్టు తిరుగుతుంది.

పౌనఃపున్యం జరిగిపోయే సంగతి. ఉదయం 24 డిగ్రీల వేడిమి దగ్గర పెట్టిన గుర్తు, మధ్యాహ్నం 34 డిగ్రీలకు 17 కిలోహెర్ట్జ్ పైకి జరిగింది. కాయిల్ మీద అనుమానం పడి మళ్లీ చుట్టినా తేడా రాలేదు. దోషి 68 పికోఫారడ్ల చవక సిరామిక్ బిళ్ల. వేడికి దాని విలువ తగ్గుతోంది. వేడికి మారని ఎన్‌పీఓ రకం పెట్టాక అదే పది డిగ్రీల తేడాకు 3 కిలోహెర్ట్జ్‌కు మించి జరగలేదు. ఆ రకం ధర రెండు రూపాయలు ఎక్కువ. పెట్టండి.

గ్యాంగ్ 60, కండెన్సర్లు 40. ఇంతవరకు మొత్తం: 2520 రూపాయలు.

దశ 9: గీత

డయల్ మీద అంకెలు వేయడానికి నమ్మకమైన రెండు గుర్తులు కావాలి.

1. 1 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ను 74హెచ్‌సీ04 చిప్పుతో డోలనం చేయించాం. దాని ఏడో గుణిజం 7000 కిలోహెర్ట్జ్. మీటర్లలో 42.83.
2. పాడైన బటన్ల ల్యాండ్‌లైన్ ఫోన్లలో 3.579545 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ తరచుగా ఉంటుంది. దాని రెట్టింపు 7159 కిలోహెర్ట్జ్. మీటర్లలో 41.88. ఇది ఊరికే దొరికింది.
3. ఈ రెండింటి మధ్య డిజిటల్ రేడియో సాయంతో ప్రతి 10 కిలోహెర్ట్జ్‌కూ పెన్సిల్ గుర్తు.

ఇక 42.34. ఇక్కడ అనుకోని చిక్కు. కాంతి వేగం సెకనుకు 2,99,792 కిలోమీటర్లు అని భాగిస్తే 7080.6 కిలోహెర్ట్జ్. చేతిలెక్కకు తేలికగా 3,00,000 అని తీసుకుంటే 7085.5. రెండింటికీ 5 కిలోహెర్ట్జ్ తేడా. ప్రకటనలో చెప్పిన మీటర్లు ఏ లెక్కతో వచ్చాయో ఆ అంకెను చూసి చెప్పలేం. కాబట్టి సన్నని గీత వేస్తే అబద్ధమవుతుంది. 60 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న మా డయల్ మీద ఆ 5 కిలోహెర్ట్జ్ సుమారు 3 మిల్లీమీటర్లు. అంత వెడల్పున ఎర్ర పట్టీ వేశాం. గీత ఇంత లావుగా ఎందుకని చూసినవాళ్లందరూ అడుగుతున్నారు. అడగాలనే వేశాం.

సాయంత్రం ఏడు దాటాక ఆ పట్టీ మీద పెట్టి విన్నాం. మన దేశపు హామ్‌ల మాటలు ఒకటి రెండు వినిపించాయి. వాళ్లు ఇప్పుడు వాడే సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతికి రీజనరేషన్‌ను డోలనం అంచు దాటించి ఉంచాలి. మామూలు ప్రసారానికైతే అంచుకు ఇవతల ఉంచాలి. 1942లో వినేవారికి ఇంత తంటా లేదు. ఇళ్లలోని షార్ట్‌వేవ్ సెట్టుల డయల్ మీద మీటర్లే ఉండేవి. 41 దగ్గర ప్రసార కేంద్రాలు దొరికేవి, అక్కడి నుంచి కొంచెం పక్కకు తిప్పితే 42.34. పంపడానికి అమెచ్యూర్ విద్య కావాలి, వినడానికి ఇంటి రేడియో చాలు. ఆ చోటు ఎంపికలోని తెలివి ఇదే. బొంబాయి నుంచి విజయనగరానికి గీత గీస్తే సుమారు 1100 కిలోమీటర్లు. రాత్రిపూట 40 మీటర్లకు అది పెద్ద దూరం కాదు.

క్రిస్టల్ 40, చిప్పు 25, డయల్ అట్ట, రంగు 75. మొత్తం: 2660 రూపాయలు. ఇందులో వృథా: చచ్చిన వాల్వు 300, పచ్చి పలక 80, జనుము తాడు 50, మైనం 30, కలిపి 460.

దశ 10: గోడ మీద రాతలు

అట్టలు నాలుగే ఉండాలని పట్టుబట్టాను. మొదటి ముసాయిదాలో పన్నెండు ఉన్నాయి, జగదీశ్ చంద్ర బోస్ నుంచి ఉపగ్రహాల దాకా. బోస్ గెలీనా డిటెక్టర్ గొప్పదే, 1904లో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. మన బల్ల కథ మాత్రం అది కాదు.

1. 1921 నుంచి 1923: గుప్తా, ముకుల్ బోస్. 1923 నాటికి మన దేశంలో ప్రసారం చేసే బ్రిటిష్ హామ్‌లు ఇరవై మంది.
2. 1924, మద్రాసు: మే 16న ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ఏర్పడింది, జూలై 31న ప్రసారం మొదలుపెట్టింది. ముందుండి నడిపినవారు సి.వి. కృష్ణస్వామి చెట్టి. డబ్బు చాలక 1927 అక్టోబరులో ఆగింది, యంత్రం మద్రాసు నగరపాలక సంస్థకు చేరింది, 1930 ఏప్రిల్ 1న మళ్లీ పలికింది. అప్పటికి మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. అందుకే ఈ అట్టను మిగతా వాటి కంటే పెద్దగా వేశాం.
3. 1929 నుంచి 1939: అమెచ్యూర్ల పిలుపు గుర్తుల ముందు వీయూ అనే అక్షరాలు చేరాయి. 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చి, లైసెన్సు లేకుండా పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరమైంది. 1930ల నడుమ లైసెన్సుదారులు యాభై మందికి లోపే, ఎక్కువమంది బ్రిటిష్ అధికారులు. 1939లో యుద్ధం రాగానే కొత్త లైసెన్సులు ఆగాయి, ఉన్నవారు ట్రాన్స్‌మిటర్లను పోలీసులకు అప్పగించాలని ఉత్తర్వులు వెళ్లాయి.
4. 1942 నుంచి 1954: కాంగ్రెస్ రేడియో, దాని ఎర్ర పట్టీ. ఆ తర్వాత 1948 మే 15న మధ్యప్రదేశ్‌ మౌలోని సిగ్నల్స్ స్కూల్లో అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా. 1954లో అది ఢిల్లీకి మారి అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా అయింది.

మూడో అట్ట మీద కొంత వాదన జరిగింది. బడివారు "యుద్ధ కాలపు ఆంక్షలు" అని మెత్తగా రాద్దామన్నారు. పరికరం అప్పగించమన్నారని సూటిగా ఉండాలన్నాను. సెట్టు కట్టడానికి ఎంత శ్రమ పడుతుందో బల్ల మీద కనిపిస్తున్నప్పుడు, దాన్ని స్టేషన్లో ఇచ్చిరావడం అంటే ఏమిటో పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. సూటి వాక్యమే నిలిచింది.

దశ 11: ఇంకా తెగనిది

డోలనం చేసే డిటెక్టర్ ఏరియల్‌కు తగిలి ఉంటే అది తానే ఓ చిన్న ట్రాన్స్‌మిటర్. 1920లలో పక్కింటి రేడియోల్లో ఈలలు వేయించింది ఇదే. మాది ఎంత దూరం వెళుతోందో చూడటానికి డిజిటల్ రేడియో పట్టుకుని వీధిలో నడిచాం. మెలిక కలపక ముందు వీధి చివర, దాదాపు 150 మీటర్ల దగ్గర కూడా ఈల వినిపించింది. మెలిక ద్వారా కలిపాక 40 మీటర్ల దూరంలో మాయమైంది. బడిలో పెట్టడానికి 40 కూడా ఎక్కువే.

అనుకున్న మార్పు:

1. డిటెక్టర్‌కు ముందు ఇంకో డీఎఫ్91, ఏరియల్ దానికే తగలాలి.
2. దానికీ డిటెక్టర్‌కూ మధ్య నూనె డబ్బా రేకుతో గోడ.
3. ఫిలమెంట్ల కరెంటు 100 నుంచి 150 మిల్లీ ఆంపియర్లకు పెరుగుతుంది కాబట్టి పెద్ద సెల్లులు రెండు పక్కపక్కన.

ఇందుకు ఇంకో 450 రూపాయల దాకా అవుతుంది. మూడో వాల్వు కోసం ఈసారి ప్యాకెట్టు విప్పి చూపించే దుకాణమే వెతుకుతున్నాం. అది బిగించి మళ్లీ వీధిలో కొలిచేవరకు బల్ల మీద ఏరియల్ కలపం. రిసీవర్ పక్కన ల్యాండ్‌లైన్ ఫోను క్రిస్టల్ పెట్టి, 41.88 దగ్గర దాని ఈల ఒక్కటే వినిపిస్తాం.